పంచుకుంటే ఖర్చెక్కువ: వర్చువల్ డెస్క్‌టాప్ లైసెన్సుల కథ

ఈసారి ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఒక కాగితం చరిత్ర చెప్తాను. ఆ కాగితాన్ని మనం ఎప్పుడూ చదవం, "ఐ అగ్రీ" అని కిందకి తోసేస్తాం. దాని పేరు లైసెన్స్. ఇది ఎక్కడో అమెరికాలో పుట్టి మా విస్సన్నపేటలో ఒక చిన్న గదిలోకి వచ్చి ఎనిమిది మంది ఉద్యోగాల మీద కూర్చుంది. అందుకే దీని గురించి చదవాల్సి వచ్చింది నాకు.

2020 మార్చి. లాక్‌డౌన్‌కి రెండు రోజుల ముందు హైదరాబాద్ హాస్టల్ నుంచి బ్యాగు సర్దుకుని ఊరొచ్చేశాను. మా వైపు తోటల్లో మామిడికాయ ముదురుతున్న టైం. నా దగ్గరున్నది నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్. ఆఫీసు వాళ్లు ఒక లింకు పంపి లాగిన్ అవ్వమన్నారు. అయ్యాను. చూస్తే నా ఆఫీసు కంప్యూటరే తెర మీద ఉంది! అదే వాల్‌పేపర్, అవే ఫోల్డర్లు, నేను సగంలో వదిలేసిన ఎక్సెల్ షీట్ అలాగే తెరిచి ఉంది.

ఇదెలా పని చేస్తుందో ఒక్క ముక్కలో చెప్తా. కంప్యూటర్ మీ దగ్గర ఉండదు. ఎక్కడో ఒక పెద్ద సర్వర్ లోపల మీ పేరు మీద ఒక విండోస్ నడుస్తూ ఉంటుంది. దాని బొమ్మ మాత్రం మీ తెర మీదకి వస్తుంది. మీరు కొట్టిన కీ, కదిపిన మౌస్ అక్కడికి వెళ్తాయి. లైవ్ స్ట్రీమ్ చూస్తారు కదా, అలాంటిదే. కాకపోతే ఈ స్ట్రీమ్‌లో మీరు క్లిక్ చేస్తే అది మాట వింటుంది. దీన్నే వర్చువల్ డెస్క్‌టాప్ అంటారు. ఆఫీసుల్లో "వీడీఐ" అంటారు.

మా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, నా వెనక నిలబడి చూస్తున్నాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "ఒరేయ్, అంటే ఒక్క పెద్ద కంప్యూటర్ కొంటే పదిమంది పని చేసుకోవచ్చన్నమాట?"

అవునన్నాను. మిషన్ సంగతి వరకూ ఆ జవాబు కరెక్టే. కాగితం సంగతి నాకు అప్పటికి తెలియదు.

అన్నయ్య అడిగిన ప్రశ్న కొత్తదేం కాదు. దానికి అరవై ఏళ్లున్నాయి. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఒకే కంప్యూటర్‌ని ఒకేసారి చాలామంది వాడే పద్ధతిని చేసి చూపించారు. టైమ్ షేరింగ్ అన్నారు దాన్ని. అప్పట్లో కంప్యూటర్ అంటే ఒక హాలు నిండా ఉండే యంత్రం, ధర లక్షల డాలర్లు. ఒక్కడి కోసం దాన్ని నడిపితే దండగ కదా. అందుకని పంచుకునేవాళ్లు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్‌కి విడిగా ధర అనేదే దాదాపు లేదు. ఐబీఎం దగ్గర మిషన్ అద్దెకు తీసుకుంటే ప్రోగ్రాములు దాంతో పాటే వచ్చేవి. ట్రాక్టర్ కొంటే టూల్ కిట్టు ఇచ్చినట్టు. 1969 జూన్‌లో ఐబీఎం ఇక నుంచి చాలా సాఫ్ట్‌వేర్‌ని, సర్వీసుని మిషన్ నుంచి విడదీసి ధర కడతామని ప్రకటించింది. వెనక అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్యం కేసు భయం కూడా ఉంది. మొత్తానికి సాఫ్ట్‌వేర్ అనేది విడిగా అమ్ముడయ్యే సరుకు అయ్యే దారి అక్కడ తెరుచుకుంది. మన ఇళ్లల్లో చాలామందికి అన్నం పెట్టిన పరిశ్రమకి పునాదిరాయి కూడా అదే. అందుకని లైసెన్స్ అనగానే దోపిడీ అని నేను అనను. మా ఊళ్లో గత ఇరవై ఏళ్లలో లేచిన కొన్ని మేడల ఇటుకలు ఆ కాగితం డబ్బులతో కొన్నవే.

మన దేశంలోనూ పంచుకునే పద్ధతే ముందు వచ్చింది. 1980ల మధ్యలో సీఎంసీ అనే ప్రభుత్వ కంపెనీ ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్‌ని కంప్యూటర్ మీదకి తెచ్చింది. కౌంటర్ దగ్గర గుమస్తా ముందున్న తెరలో కంప్యూటర్ ఏమీ లేదు. అది ఉత్త టెర్మినల్. అసలు బుర్ర లోపలెక్కడో గదిలో ఉండేది. మీ నాన్నగారినో మామయ్యనో అడగండి, ఆ తెరల మీద అక్షరాలు వరసగా పడటం గుర్తుంటుంది.

తర్వాత పీసీ వచ్చింది. ఎవరి డబ్బా వాళ్లది. లైసెన్స్ లెక్క కూడా తేలికైపోయింది. ఒక డబ్బా, దాని మీద ఒక స్టిక్కరు. స్టిక్కర్ ఉంటే దొర, లేకపోతే దొంగ. లెక్కపెట్టడం చిన్నపిల్లాడికి కూడా వచ్చు.

ఈ తేలిక లెక్కని చెడగొట్టిన కంపెనీ పేరు సిట్రిక్స్. ఐబీఎంలో పని చేసిన ఎడ్ ఇయాకొబుచ్చి అనే ఆయన 1989లో పెట్టాడు. ఫ్లోరిడా నారింజ తోటల రాష్ట్రం కదా, సిట్రస్ అన్న మాటకి యూనిక్స్ తోక తగిలించి ఆ పేరు కట్టారు. మామిడి తోటల వాణ్ణి కాబట్టి నాకిది భలే నచ్చింది. వాళ్ల ఆలోచన ఏంటంటే, పీసీల కాలంలో కూడా పాత రైల్వే కౌంటర్ పద్ధతి పని చేస్తుంది. ఒక్క విండోస్ సర్వర్ మీద పదుల మందిని కూర్చోబెట్టొచ్చు. మైక్రోసాఫ్ట్ దగ్గర విండోస్ ఎన్‌టీ సోర్స్ కోడ్ లైసెన్స్‌కి తీసుకుని 1995లో విన్‌ఫ్రేమ్ అనే ప్రోడక్ట్ తెచ్చారు. బాగా అమ్ముడైంది.

అమ్ముడవటం చూసి మైక్రోసాఫ్ట్ ఊరుకుంటుందా. 1997 ఫిబ్రవరిలో అలాంటిది మేమే చేసుకుంటాం అని సంకేతం ఇచ్చింది. ఒక్క రోజులో సిట్రిక్స్ షేరు ధర సగానికి పైగా పడిపోయింది. తర్వాత బేరాలు నడిచాయి. ఆ ఏడాది మే నెలలో ఒప్పందం కుదిరింది, మొత్తం 17.5 కోట్ల డాలర్ల దాకా. సిట్రిక్స్ టెక్నాలజీ మైక్రోసాఫ్ట్ చేతికొచ్చింది. 1998లో "టెర్మినల్ సర్వర్ ఎడిషన్" పేరుతో విండోస్ వచ్చింది.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. డబ్బా లెక్క చెల్లదు ఇప్పుడు. సర్వర్ ఒకటే, మనుషులు ముప్పై మంది. మరి ఎన్ని కాగితాలు అమ్మాలి? మైక్రోసాఫ్ట్ చెప్పిన జవాబు చూడండి. సర్వర్‌కి ఒకటి కొనాలి. సర్వర్‌ని తాకే ప్రతి డబ్బాకి "క్యాల్" అని ఒక అనుమతి కాగితం కొనాలి. ఆ పైన, ఆ డబ్బాలో విండోస్ ఎన్‌టీ వర్క్‌స్టేషన్ లైసెన్స్ లేకపోతే అది కూడా కొనాలి. అంటే మీ డబ్బాలో ఆ విండోస్ నడవకపోయినా, దూరం నుంచి దాన్ని చూస్తున్నందుకు దాని పూర్తి కాగితం ధర కట్టాలి.

మన కేబుల్ టీవీ గుర్తు తెచ్చుకోండి. చిన్నప్పుడు ఒక కనెక్షన్ తీసుకుని స్ప్లిట్టర్ పెట్టి పక్కింటి పిన్నిగారికి కూడా వైరు లాగేవాళ్లం. తర్వాత సెట్‌టాప్ బాక్సులొచ్చాయి. ఒక్కో టీవీకి ఒక్కో బాక్సు, ఒక్కో కార్డు. డిష్ అదే, వైరు అదే. లెక్కపెట్టే చోటు మారింది, అంతే. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆ చోటు రెండు మూడేళ్లకొకసారి మారుతూ వచ్చింది.

2000లో ఒక వెసులుబాటు ఇచ్చారు. మీ డబ్బాలో విండోస్ 2000 ప్రొఫెషనల్ ఉంటే టెర్మినల్ సర్వర్ కాగితం విడిగా అక్కర్లేదన్నారు. కంపెనీలు సంతోషించాయి. 2003 సర్వర్‌తో ఆ వెసులుబాటు తీసేశారు. ఇక ఎవరైనా కొనాల్సిందే, డబ్బా లెక్కనో మనిషి లెక్కనో. ఆ మనిషి లెక్క రావడం మాత్రం మంచిదే. మూడు షిఫ్టుల్లో ముగ్గురు ఒకే సీటు మీద కూర్చుంటే డబ్బా లెక్క లాభం, ఒక్కడికే ఆఫీసులో ఒకటి ఇంట్లో ఒకటి ఉంటే మనిషి లెక్క లాభం. కాల్ సెంటర్ల వాళ్లు డబ్బా లెక్క తీసుకునేది అందుకే.

ఇప్పుడు మన రాష్ట్రానికి వద్దాం. ఇది మీలో చాలామంది బడిలో చూసిందే అయ్యుండొచ్చు.

2008లో, ఇంకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నప్పుడు, 5,000 ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ ల్యాబులు పెట్టే పని మొదలైంది. దానికి ఎన్‌కంప్యూటింగ్ అనే అమెరికా కంపెనీ డబ్బాలు వాడుతున్నామని ప్రకటన వచ్చింది. 18 లక్షల మంది పిల్లలకి కంప్యూటర్ అందుతుందన్నారు. ఈమెషీన్స్ అనే చవక పీసీల కంపెనీని నడిపిన స్టీఫెన్ డకర్ ఈ ఎన్‌కంప్యూటింగ్ వెనక ఉన్నాడు. వాళ్ల సరుకు చూడటానికి చాలా చిన్నది. అరచేతిలో పట్టే డబ్బా. దానికి మానిటర్, కీబోర్డు, మౌస్ తగిలిస్తారు. ఒక పీసీలో ఒక కార్డు పెట్టి మామూలు నెట్‌వర్క్ కేబుల్‌తో ఈ డబ్బాలకి కలుపుతారు. ఎక్స్300 అనే మోడల్‌లో ఒక కార్డుకి ముగ్గురు, రెండు కార్డులు పెడితే ఆరుగురు, అసలు పీసీ ముందు కూర్చున్నవాడితో కలిపి ఏడుగురు. ఒక్కో సీటుకి 70 డాలర్ల నుంచి ఖర్చు అని ప్రచారం చేసుకునేవాళ్లు. అప్పటి రేటులో మూడు వేల రూపాయలకి అటూ ఇటూ. కరెంటు ఒక్కో డబ్బాకి ఒక వాట్ లెక్క.

ఆ వాట్ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయే ఊళ్లో పెరిగినవాళ్లకి అది చిన్న విషయం కాదు. పది పీసీలకి జనరేటర్ కావాలి. ఒక పీసీ, ఆరు డబ్బాలకి మామూలు ఇన్వర్టర్ చాలు.

నేను మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చుంది అలాంటి డబ్బా మీదే. అదో పీసీ అనుకున్నాను. పెయింట్‌లో ఇల్లు గీశాను. పక్క సీటులో వాడు ఏదో పెద్ద ఫైల్ తెరిస్తే నా ఇంటి మీద గీత ఆగిపోయేది. ఎందుకు ఆగిందో తెలిసేది కాదు, వాణ్ణి మోచేత్తో పొడిచేవాణ్ణి. ఇంజినీరింగ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినప్పుడు గానీ తెలియలేదు, ఇద్దరం ఒకే ప్రాసెసర్‌ని పంచుకున్నామని.

మరి ఇలాంటి డబ్బాలకి విండోస్ కాగితం ఎలా? విండోస్ ఎక్స్‌పీ లైసెన్స్ ప్రకారం ఒక కాపీని ఒక సమయంలో ఒక్కరే వాడాలి. ఏడుగురిని కూర్చోబెట్టడం మిషన్‌కి వచ్చు, కాగితానికి రాదు. సర్వర్ విండోస్ కొని, ఒక్కో సీటుకి క్యాల్, దానిపైన టెర్మినల్ క్యాల్ కొంటే చెల్లుతుంది. అప్పుడు డెబ్బై డాలర్ల సీటు డెబ్బై డాలర్ల దగ్గర ఆగదు. లేదా లినక్స్ వేసుకోవాలి. ఈ జాతి డబ్బాలు ప్రపంచమంతా పాకాక, 2010లో మైక్రోసాఫ్టే విండోస్ మల్టీపాయింట్ సర్వర్ అని ఒకటి తెచ్చింది, ముఖ్యంగా బడుల కోసం. ఒక మిషన్, చాలా సీట్లు, తక్కువ ధర. వేరేవాడు గట్టు తెంపాక తామే కాలవ తవ్వినట్టు.

కేరళ ఈ తలనొప్పిని వేరేలా తప్పించుకుంది. ఐటీ@స్కూల్ అనే ప్రాజెక్టు కింద 2000ల దశకంలోనే బడుల్ని లినక్స్ మీదకి మార్చేసింది. మనకీ హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసింది. బడికి అది సరిపోతుంది. వ్యాపారానికి వచ్చేసరికి మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో మీరు తేల్చరు, మీకు పని ఇచ్చేవాడు తేలుస్తాడు. అక్కడే ఇరుక్కుంటాం.

ఇప్పుడు పెద్ద కంపెనీల సంగతి. 2006 ప్రాంతంలో వీఎంవేర్ "వీడీఐ" అన్న మాటని ప్రచారంలోకి తెచ్చింది. సిట్రిక్స్ పద్ధతిలో ఒకే విండోస్‌ని అందరూ పంచుకుంటారు. వీడీఐలో ఒక పెద్ద సర్వర్ లోపల ఒక్కొక్కరికి ఒక్కో పూర్తి విండోస్ నడుస్తుంది. హాస్టల్ డార్మిటరీకి, సింగిల్ రూమ్‌కి ఉన్న తేడా. ఒకడి ప్రోగ్రాం పాడైతే ఇంకొకడికి ఇబ్బంది ఉండదు. బ్యాంకులు, ఔట్‌సోర్సింగ్ కంపెనీలు ఎగబడ్డాయి. డేటా హైదరాబాద్‌లో కూర్చున్నవాడి డబ్బాలోకి రాదు కదా, అమెరికా క్లయింటుకి ధైర్యం.

ఇది విండోస్ లైసెన్స్‌కి మళ్లీ కొత్త చిక్కు. స్టిక్కరు ఉన్న విండోస్ ఆ డబ్బాకే కట్టేసి ఉంటుంది, సర్వర్‌లోకి తీసుకెళ్లడానికి లేదు. 2007లో దీనికోసం "వీఈసీడీ" అని ఒక లైసెన్స్ పెట్టారు. పేరు విస్టా ఎంటర్‌ప్రైజ్ సెంట్రలైజ్డ్ డెస్క్‌టాప్, పలికేలోపు టీ చల్లారిపోతుంది. మైక్రోసాఫ్ట్‌కి ఏటా సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అనే చందా కడుతున్న పీసీకైతే ఏడాదికి 23 డాలర్లు. చందా లేని డబ్బాకి, అంటే బుర్ర లేని చవక టెర్మినల్‌కి, ఏడాదికి 110 డాలర్లు.

మళ్లీ ఒకసారి చూడండి. ఖరీదైన పీసీకి తక్కువ, చవక డబ్బాకి ఎక్కువ! 2010 జూలైలో దీన్ని "వీడీఏ" అని మార్చారు. చందా కట్టే పీసీకి ఉచితం చేశారు, చవక డబ్బాకి ఏడాదికి 100 డాలర్లు ఉంచారు. అప్పటి రేటులో ఏడాదికి నాలుగున్నర వేల పైన. డబ్బా ధర మూడు వేలు, అది ఒక్కసారి కొంటే అయిపోతుంది. దాంట్లోంచి విండోస్‌ని చూసే హక్కు మాత్రం ప్రతి ఏడూ నాలుగున్నర వేలు. పది సీట్లకి ఐదేళ్లకి రెండు లక్షల పైన, సర్వర్ ధర కలపకుండా, వీఎంవేర్‌కో సిట్రిక్స్‌కో కట్టేది కలపకుండా.

వేల సీట్లు కొనే కంపెనీ బేరమాడుతుంది. దానికి లైసెన్స్ లెక్కలు చూసే ఉద్యోగులే విడిగా ఉంటారు. పది సీట్లవాడికి బేరం ఎక్కడిది. అద్దెకి తీసుకుందామంటే అదీ చాలాకాలం కుదర్లేదు, ఎందుకంటే డెస్క్‌టాప్ విండోస్‌ని పదిమంది వేరువేరు కస్టమర్లకి అద్దెకిచ్చే లైసెన్సే మైక్రోసాఫ్ట్ అమ్మేది కాదు. 2012లో ఆన్‌లైవ్ అనే గేమింగ్ కంపెనీ ఐప్యాడ్ మీద విండోస్ 7 చూపించింది, కొంత ఉచితంగా కూడా. జనం ఆహా అన్నారు. రెండు మూడు నెలలు తిరక్కుండా మైక్రోసాఫ్ట్ ఇది లైసెన్స్ ప్రకారం కుదరదంది, ఆన్‌లైవ్ చప్పుడు లేకుండా సర్వర్ విండోస్‌కి మారిపోయింది. 2013లో అమెజాన్ వర్క్‌స్పేసెస్ ప్రకటించినప్పుడు ఆ తప్పు చేయలేదు. విండోస్ 7లా కనిపించే సర్వర్ విండోస్‌నే ఇచ్చింది. వేషం ఒకటి, ఒళ్లు ఒకటి.

2014 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఆ ఏడాది చివర్లోనే విండోస్‌కి కూడా మనిషి లెక్క వచ్చింది. ఒక్కడికి కొంటే అతని ఫోనూ, ట్యాబూ, ఇంటి లాప్‌టాపూ అన్నిటి నుంచీ చూసుకోవచ్చు. 2019 సెప్టెంబర్ 30న విండోస్ వర్చువల్ డెస్క్‌టాప్ అందుబాటులోకి వచ్చింది, ఇప్పుడు దాని పేరు అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్. అందులో ఒక విశేషం ఉంది. ఒకే విండోస్ 10ని ఒకేసారి చాలామంది వాడొచ్చు. ఎన్నో ఏళ్లుగా కుదరదన్నదే! కాకపోతే అప్పట్లో మైక్రోసాఫ్ట్ సొంత క్లౌడ్ అజూర్‌లోనే. మీ గదిలో, మీరు డబ్బు పెట్టి కొన్న మిషన్ మీద అదే పని చేయబోతే మాత్రం లైసెన్స్ ఒప్పుకునేది కాదు. టెక్నికల్‌గా వచ్చిన అడ్డేమీ కాదిది. వ్యాపారం తెలివి. నాకు కోపం రావాలో మెచ్చుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పోటీ గురించి కూడా రెండు ముక్కలు. సిట్రిక్స్‌ని 2022లో పెట్టుబడి సంస్థలు 16.5 బిలియన్ డాలర్లకి కొనేశాయి. వీఎంవేర్‌ని 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ కొని, మరుసటి నెలలోనే ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సులు ఆపేసింది. ఇక చందాయే. అందరూ అద్దె ఇళ్లే కడుతున్నారు, అమ్మేవాడు లేడు.

సరే, మా అన్నయ్య దగ్గరికి వద్దాం.

2020 నవంబర్‌లో కేంద్రం టెలికాం నిబంధనలు సడలించింది. డేటా పని చేసే బీపీఓలకి పాత రిజిస్ట్రేషన్ గోల పోయింది. ఊళ్లో కూర్చుని ఆఫీసు పని చేయడం తేలికైంది. అంతకు చాలా ముందే గోదావరి జిల్లాల్లో బైర్రాజు ఫౌండేషన్ వాళ్లు గ్రామ్‌ఐటీ పేరుతో పల్లెల్లో బీపీఓలు నడిపి చూపించారు, కాబట్టి పల్లెటూరి వాళ్లకి ఈ పని రాదనే మాట ఎప్పుడో అబద్ధమైపోయింది. 2021 దసరా తర్వాత అన్నయ్య మా పాత ఎరువుల కొట్టు గదికి సున్నం వేయించాడు. హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర పని దొరికింది. ఒక ఆన్‌లైన్ షాపుకి వస్తువుల వివరాలు ఎక్కించాలి. వాళ్ల టూల్ విండోస్‌లోనే నడుస్తుంది. ఎనిమిది మంది అమ్మాయిలు చేరారు, అందరూ చుట్టుపక్కల ఊళ్ల డిగ్రీ వాళ్లే. ఆరుగురికి అదే మొదటి జీతం.

నా సలహా మీద ఒక సెకండ్ హ్యాండ్ పెద్ద మిషన్ కొన్నాం. ఎనిమిది చిన్న డబ్బాలు కొన్నాం. దాన్ని బిగించినాయన మామూలు విండోస్ 10లో ఒక ఫైల్‌ని మార్చి, ఒక్కరికి బదులు ఎంతమందైనా లాగిన్ అయ్యేలా చేశాడు. "అందరూ ఇలాగే పెట్టుకుంటారు సార్" అన్నాడు. నాకు అనుమానం రాకపోలేదు. వచ్చినా ఊరుకున్నాను. అది నా తప్పు, ఆయన మీదకి నెట్టను.

నాలుగు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఒక సోమవారం పొద్దున్న విండోస్ అప్‌డేట్ పడింది. మార్చిన ఫైల్ మీద అసలు ఫైల్ వచ్చి కూర్చుంది. ఆ పూట గదిలో సీను చూడాలి. ఒకమ్మాయి లాగిన్ అవుతుంది, పని మొదలెడుతుంది. రెండో అమ్మాయి లాగిన్ అయితే మొదటి అమ్మాయి తెర ఆరిపోతుంది. "అక్కా, నువ్వు నన్ను తోసేశావు" అని ఈ మూల నుంచి, "నేనేం చేశానే, పాస్‌వర్డ్ కొట్టాను అంతే" అని ఆ మూల నుంచి. పది గంటల దాకా నవ్వుకున్నారు. పదకొండుకి కాంట్రాక్టర్ ఫోన్ వచ్చింది.

ఆయన అడిగింది ఒక్కటే. మీ సిస్టమ్స్ లైసెన్స్ బిల్లులు మెయిల్ చేయండి. ఒప్పందంలో ఆ షరతు ఉంది, అన్నయ్య సంతకం కూడా ఉంది. పది రోజులు టైమిచ్చాడు, అప్పటిదాకా పని ఆపేశాడు.

ఆ రాత్రి నేను చట్టం తీసి చదివాను. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 63బి. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం, లాభం కోసం కాకపోతే కోర్టు జైలు లేకుండా జరిమానాతో వదిలేయొచ్చు. మాది వ్యాపారమే. ఒక నిజమైన కాపీని పట్టు తప్పించి వాడటం ఈ సెక్షన్ కిందకి సరిగ్గా వస్తుందా రాదా అని లాయర్లు వాదించుకోవచ్చు. అన్నయ్యకి వాదన అక్కర్లేదు, పదో రోజుకి బిల్లులు కావాలి.

సరైన దారిలో కొటేషన్ తెప్పించాం. విండోస్ సర్వర్ ఒకటి, క్యాల్స్ ఎనిమిది, రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్స్ ఎనిమిది. ఆఫీస్ కూడా మామూలు షాపు ప్యాకెట్ పనికిరాదు, సర్వర్ మీద పెట్టడానికి వాల్యూమ్ లైసెన్స్ రాశారు, అదీ ఎనిమిది. కాగితాల మొత్తం మిషన్ ధరకి రెండింతలు దాటింది. మన ట్యాలీ వాడి పద్ధతి ఎంత నయమో అప్పుడర్థమైంది. సిల్వర్ ఒక్కరికి, గోల్డ్ మూడింతల ధరకి ఆఫీసు నెట్‌వర్క్‌లో ఎంతమందికైనా. ఎనిమిది మంది ఉన్నారా పద్దెనిమిది మంది ఉన్నారా అని లెక్కపెట్టడు.

మూడు రోజులు లెక్కలేశాం. క్లౌడ్ అద్దె చూశాం, డాలర్లలో నెల నెలా. మా ఊరి ఇంటర్నెట్‌ని నమ్ముకుని ఎనిమిది తెరలు నడపాలి. చివరికి తేలిన లెక్క నేను నమ్మలేకపోయాను. ఎనిమిది విడివిడి పీసీలు కొనడమే అన్నిటికన్నా చవక! కంపెనీలు వాడి వదిలేసిన పాత పీసీలు, ఒక్కోదాని లోపల విండోస్ ప్రో లైసెన్స్ బోర్డులోనే ఉంటుంది, పక్కా బిల్లు వస్తుంది. పంచుకోవడానికి కనిపెట్టిన టెక్నాలజీ కన్నా పంచుకోకపోవడమే తక్కువలో తేలింది.

పెద్ద మిషన్‌ని కొన్నదానికి సగం కన్నా తక్కువకి అమ్మేశాం. మిగతాది వదిన గాజులు. అన్నయ్య నన్నేమీ అనలేదు. వదిన మాత్రం "ఏం బాబూ, ఈసారి కాగితం ముందు చదువు" అంది. తొమ్మిదో రోజు సాయంత్రం బిల్లులు వెళ్లాయి. పని తిరిగొచ్చింది. ఈలోపు ఇద్దరమ్మాయిలు తిరువూరులో బట్టల షాపులో చేరిపోయారు, మళ్లీ రాలేదు. వాళ్ల సీట్లు నిండడానికి రెండు నెలలు పట్టింది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. గదిలో ఎనిమిది పీసీల ఫ్యాన్లు గుయ్యిమంటున్నాయి. ఒక వాట్ డబ్బాలకి సరిపోయిన ఇన్వర్టర్ వీటికి చాల్లేదు. పెద్దది కొన్నారు, రెండు బ్యాటరీలు. కరెంటు పోతే అరగంట లాగుతుంది. పాత చిన్న డబ్బాలు ఎనిమిదీ ఎరువుల కొట్టు అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి, అమ్మితే కొనేవాడు లేడు. ఒకటి తీసి మా అన్నయ్య కొడుకు అడిగాడు, "బాబాయ్, ఇది దేనికి?" అని. ఎనిమిదేళ్లు వాడికి. మానిటర్‌కి తగిలించి, నా లాప్‌టాప్‌లో లినక్స్ పెట్టి దాన్ని కలుపుదామని కూర్చున్నాను. రాత్రి పదకొండింటికి బొమ్మ వచ్చింది. వాడప్పటికే నిద్రపోయాడు.